వెనక ఎవరున్నారో చెప్పు

కంపెనీ క్యాబ్ నడిపిన రోజుల్లో నాకొక మంచి పేరుండేది, వెనక్కి తిరిగి చూడని డ్రైవర్ అని. సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో పనిచేసే ఆడపిల్లలను మియాపూర్, హఫీజ్‌పేట్ వైపు ఇళ్ల దగ్గర ఎక్కించుకుని హైటెక్ సిటీ టవర్ల ముందు దించడం, డ్యూటీ అయ్యాక మళ్లీ ఇళ్లకు చేర్చడం నా పని. కొందరు డ్రైవర్లు మాట్లాడే వంకతో వెనక్కి తిరుగుతారు. లోపలి అద్దాన్ని రోడ్డు కోసం కాకుండా ఇంకో దానికోసం సర్దుకుంటారు. నేను అట్లాంటివాణ్ణి కాదని అందరూ అనేవారు. ఎక్కేటప్పుడు ముందుకే చూస్తూ ఓటీపీ అడిగేవాణ్ణి, దిగేటప్పుడు ముందుకే చూస్తూ "ఓకే మేడమ్" అనేవాణ్ణి. వాళ్లు ఫోనులో నాకు రేటింగు చుక్కలన్నీ వేసి, కింద "వెరీ డీసెంట్" అని రాసేవారు. మా కార్ల కాంట్రాక్టరు మీటింగు పెట్టినప్పుడల్లా నన్ను లేపి నిలబెట్టి, "గీయనను చూసి నేర్చుకోండ్రి" అని మిగతావాళ్లకు చెప్పేవాడు. అందులో నేర్చుకోవడానికేమీ లేదు. నా మెడ తిరగదు, అంతే.

మెడ ఒక్కరోజులో బిగుసుకోలేదు. మొదలు నడుముతో. తెల్లారి లేచేసరికి నడుము కట్టె అయిపోయి ఉండేది. వేడినీళ్లు పోసుకుని, ఇంట్లోనే కాసేపు అటూ ఇటూ తిరిగితే గానీ వదిలేది కాదు. మా స్టాండులో నడుం నొప్పి లేదన్నవాడు ఇంకా కొత్తవాడని లెక్క, కాబట్టి నేను దాన్ని రోగం అనుకోలేదు. సీటు మీద దిండు మార్చాను, పూసల కవరు వేశాను. బాలానగర్‌లో ఎముకలు సరిచేస్తాడని పేరున్న పెద్దాయన దగ్గరికి పోతే తైలం పోసి, తల పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. ఆ తర్వాత చాలా రోజులు ఎడమ చేయి పైకి లేవలేదు. నడుము తర్వాత తుంట్లు పట్టేశాయి, వాటి తర్వాత మెడ. చివరికి పెద్ద దవాఖానలో ఎక్స్‌రే చూసిన డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది. వెన్నెముకలో కీళ్లు ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయట. సీటు వల్ల వచ్చింది కాదు, వయసు వల్ల వచ్చిందీ కాదు. మందులు వాడితే నెమ్మదిస్తుంది గానీ, అతుక్కున్నవి మళ్లీ విడిపోవు.

"బండి నడపొచ్చునా మేడమ్?" అని అడిగాను.

"మెడ తిరక్కుండా ఎట్లా నడుపుతావు? ఆలోచించుకో" అంది.

నేను ఆలోచించుకున్నాను. ఆలోచించుకుని, పక్క అద్దాల మీద అంటించే చిన్న గుండ్రటి అద్దాలు కొనుక్కొచ్చాను. వాటితో ఇంకా చాలాకాలం నడిపాను, బాగానే నడిపాను. మా ఐటీ వైపు రోడ్లలో ఒక సౌకర్యం ఉంది, ఎటు చూసినా అద్దాలే. సిగ్నల్ దగ్గర ఆగితే నా వెనక ఎవరున్నారో పక్కనున్న టవరు గోడలోనే కనిపించేది. షోరూముల అద్దాల్లో బైకులు చూసుకునేవాణ్ణి, ముందున్న బస్సు వెనక అద్దంలో నా కారే కనిపించేది. కన్ను దానంతటదే వెతుక్కోవడం నేర్చుకుంది. ఎక్కడికి పోయినా ముందు మెరిసేది ఏముందో చూడటం అలవాటైంది.

ఆ అలవాటు ఒక టవరు కింది పార్కింగ్ సెల్లార్‌లో పనిచేయలేదు. అక్కడ లైటు పోయి ఉంది. కారు రివర్స్ తీస్తుంటే డిక్కీ మీద దబదబమని చప్పుడు. బ్రేకు తొక్కి, బ్రేకు లైటు వెలుతురులో అద్దంలో చూసుకుంటే, నేల తుడుస్తున్న హౌస్‌కీపింగ్ ఆమె, బకెట్ పక్కన పడేసి, రెండు చేతులతో కారును ఆపుతూ నిలబడి ఉంది. ఆమెకు ఏమీ కాలేదు.

"కండ్లు కనవడ్తలేవా అన్నా? పిల్లలున్నోళ్లం!" అని అరిచింది.

తప్పయిందమ్మా అన్నాను. ఆమె బకెట్ తీసుకుని పోయింది. నేను మాత్రం ఇంజను ఆపేసి చాలాసేపు సీటులోనే కూర్చున్నాను. నాకు జీవితంలో అంత భయం ఎప్పుడూ వేయలేదు. ఆ వారంలోనే కాంట్రాక్టరుకు తాళంచెవి ఇచ్చేశాను. నడుము బాగాలేదని చెప్పాను. ఆయన కూడా నడుం నొప్పి ఉన్నవాడే కాబట్టి ఎక్కువ అడగలేదు.

అప్పటినుంచి పని వెతుక్కోవడమే పని అయింది. సెక్యూరిటీ ఏజెన్సీకి పోతే గేటు దగ్గర పన్నెండు గంటలు నిలబడాలన్నారు. గంటకోసారి కూర్చుంటానంటే సూపర్‌వైజర్ నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"అన్నా, నువ్వు అటు సూడమంటే మొత్తానికే అటు తిరుగుతున్నవు. బండ్లు రెండు దిక్కులకెల్లి వస్తయి. ఎట్ల ఆపుతవు?" అన్నాడు. కోపం వచ్చింది గానీ, అడిగినదాంట్లో తప్పు లేదు.

బాలానగర్‌లో తెలిసినవాళ్ల వర్క్‌షాపుకు పోతే అక్కడ స్టూలు మీద వంగి చేసే పని. హఫీజ్‌పేట్‌లో మా ఇంటి పక్కన ఫోన్ల దుకాణంవాడు కౌంటర్లో కూర్చోబెట్టుకుంటానన్నాడు, తీరా చూస్తే సామాను అటకమీంచి దించాలి. కూర్చునే పని అడిగితే చదువు అడిగారు, నిలబడే పని అడిగితే నడుము అడిగారు. చదువు ఇంటర్‌తో ఆగిపోయింది, నడుము సంగతి చెప్పనే చెప్పాను. మా ఆవిడ మియాపూర్ అపార్ట్‌మెంట్లలో వంట చేసేది. నేను ఖాళీ అయ్యాక ఇంకో రెండు ఇళ్లు ఒప్పుకుంది. నేను ఇంట్లో బియ్యం కడిగి, కూరగాయలు తరిగి, ఆమె వచ్చేవేళకు చాయ్ పెట్టేవాణ్ణి. అన్నీ చేసేవాణ్ణి గానీ కాళ్ల గోళ్లు తీసుకోవడం చేతకాక, అవి ఆమెతో తీయించుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం లోపల మండిపోయేది. ఆ మంట ఆమె మీదే చూపించేవాణ్ణి. ఆమె గోరు తీస్తూనే, "కాలు గుంజకు, తెగుతది" అనేది.

అట్లా ఉండగా ఒకరోజు ఫోను వచ్చింది. నా కారులో చాలాకాలం తిరిగిన మేడమ్. రాజమండ్రి వైపు ఆవిడ, ఒక కంపెనీలో ఉద్యోగాలిచ్చే విభాగంలో పనిచేస్తుంది. కొత్త డ్రైవర్ దగ్గర నా నంబరు తీసుకుందట.

"ఏమైపోయారన్నా? ఇప్పుడొచ్చినాయన రోడ్డు కంటే మమ్మల్నే ఎక్కువ చూస్తున్నాడండి. మీరు ఒక్కనాడు కూడా వెనక్కి తిరిగేవారు కాదు" అంది.

ఇన్నాళ్లూ బయట ఎవరికీ చెప్పనిది ఆమెకు ఎందుకు చెప్పానో తెలియదు. బహుశా ఎదురుగా లేదు కాబట్టి.

"మేడమ్, అది మర్యాద కాదు. నా మెడ తిరగది. రోగం" అన్నాను.

 ఆమె మెల్లగా, "మరి తిరిగితే చూసేవారా?" అని అడిగింది.

"ఏమో మేడమ్, అప్పుడు సంగతి ఇప్పుడెట్ల చెప్పాలె" అన్నాను. ఆమె నవ్వింది, నాకూ నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత నవ్వాను.

నవ్వు అయ్యాక ఆమె పని మాట చెప్పింది. వాళ్ల ఆఫీసులో ట్రాన్స్‌పోర్ట్ డెస్క్ ఉంది. ఏ క్యాబ్ ఎవరిని ఎక్కించుకోవాలి, ఏ దారిన పోవాలి, ఎక్కడ ఆగిపోయింది, ఇవి చూసుకుంటూ డ్రైవర్లతో ఫోనులో మాట్లాడే పని. కూర్చోవచ్చు, నడుము పట్టేస్తే లేచి తిరగొచ్చు. దారులు తెలిసినవాడు కావాలి. అందులో ఒక సీటు వికలాంగుల కోసం పెట్టారు. దానికి ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్ కావాలి, అందులో వైకల్యం నలభై శాతం ఉండాలి.

"మీకు అది ఉంటే నేను ఇవాళే మీ పేరు పంపిస్తానండి" అంది.

నా దగ్గర లేదు. నాలాంటివాళ్లకు ఇస్తారని కూడా తెలియదు. మా ఆవిడకు చెబితే, "కాళ్లు చేతులు మంచిగున్నోనికి ఎట్లిస్తరు?" అంది. స్టాండులో ఒక దోస్తు ఇంకో మాట అన్నాడు.

"గా కాయితం తీసుకుంటే లైసెన్స్ గుంజుకుంటరు. మల్ల స్టీరింగ్ ముట్టనియ్యరు, చూస్కో."

అది నిజమో కాదో ఎవరికీ సరిగా తెలియదు. కానీ ఆ మాట నాకు గుచ్చుకుంది. నడపడం మానేసి నెలలు గడిచినా, ఎవరన్నా ఏం చేస్తావంటే డ్రైవర్‌ని అనే చెప్పేవాణ్ణి. పొద్దున చొక్కా వేసుకోగానే లైసెన్స్ జేబులో పెట్టుకునేవాణ్ణి.

అయినా ఆన్‌లైన్ సెంటర్‌లో ఆ పరీక్షకు స్లాట్ తీసుకున్నాను. దవాఖానలో క్యాంపు పెట్టిన రోజున చీకటితోనే లేచి, నొప్పి గోలీ వేసుకుని, వేడినీళ్లు పోసుకున్నాను. పెద్దవాళ్ల ముందుకు పోతున్నామని మా ఆవిడ తెల్ల యూనిఫాం ఇస్త్రీ చేసి ఇచ్చింది. బూట్లు ఆమే తుడిచింది. క్యాంపులో చాలామంది ఉన్నారు. చక్రాల కుర్చీల్లో, కర్రలతో, ఒకరి భుజం పట్టుకుని ఒకరు. వాళ్ల మధ్య ఇస్త్రీ బట్టల్లో నిటారుగా నిలబడి ఉంటే, ఎవరి కోసమో వచ్చినట్టున్నాను. ఒక ముసలమ్మ నన్ను అటెండర్ అనుకుని మూత్రశాల ఎటని అడిగింది కూడా.

నా వంతు వచ్చింది. డాక్టరు గారికి తల ఎత్తే తీరిక లేదు, వెనక లైను అట్లా ఉంది. రాస్తూనే అడిగారు.

"ఏం పని చేస్తావు?"

"డ్రైవర్ సార్."

నోటికి అదే వచ్చింది. ఆయన పెన్ను ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది. ఎక్స్‌రేలు చూశారు. వంగమన్నారు, గోలీ బలంతో వంగగలిగినంత వంగాను. తర్వాత రాసుకుంటూనే, "వెనక్కి తిరిగి చూడు. ఎవరున్నారో చెప్పు" అన్నారు.

ఎదురుగా అద్దాల బీరువా ఉంది. నేను కావాలని చూడలేదు. నా కన్ను గదిలోకి రాగానే దాన్ని పట్టేసింది. అందులో నా వెనక నిలబడ్డ నర్సు స్పష్టంగా కనిపిస్తోంది.

"నర్సమ్మ ఉన్నది సార్. చేతిల నీలం ఫైలున్నది. జేబుకు రెండు పెన్నులున్నయి" అన్నాను.

"కనిపిస్తోంది కదా మరి" అని ఆయన ఏదో రాసి, తర్వాతివాళ్లను పిలిచారు.

చెప్పుకోవడానికి నవ్వొస్తుంది గానీ, నేను ఆ గదిలోంచి సంతోషంగా బయటికి వచ్చాను. అడిగినవాటన్నిటికీ సరిగా జవాబు చెప్పానని. బైకు లైసెన్స్ టెస్టులో ఎనిమిది అంకె వేసి కాలు కింద పెట్టకుండా వచ్చినప్పుడు ఎట్లా అనిపించిందో అట్లా అనిపించింది. ఇంటికొచ్చి మా ఆవిడకు పెన్నుల సంగతితో సహా వివరంగా చెప్పాను. ఆమె చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది.

"అద్దంల చూసి చెప్పినవా?"

"కనవడ్డది, చెప్పిన."

"నీకు దిమాగ్ ఉన్నదా అయ్యా? గా సారు నీకు పరీక్ష వెట్టింది పాసు గానీకనా?"

అప్పుడు అర్థమైంది నేనేం చేసుకొచ్చానో.  కొన్ని వారాలకు ఫలితం వచ్చింది. నలభైకి చాలా దిగువన ఉంది.

మేడమ్‌కు ఫోను చేసి చెప్పాను. మళ్లీ పెట్టుకోండి, ఆ సీటు కొన్నాళ్లు ఖాళీగానే ఉంటుంది, నేను చూస్తాను అంది. అంతలో మా పాత కాంట్రాక్టరు కూడా కబురు పెట్టాడు. ఒక పెద్దాయన సొంత కారు, పొద్దున ఆఫీసుకు, సాయంత్రం ఇంటికి, అంతే పని అని. ఆలోచించి చెబుతానన్నాను. నిజానికి ఆలోచించడానికేమీ లేదు, ఇల్లు కిరాయిది, మా ఆవిడ మోకాళ్లు కూడా మెట్లెక్కీ ఎక్కీ నొస్తున్నాయి. ఈసారి కూడా సర్టిఫికెట్ రాకపోతే ఆ కారు తీసుకుంటానని ఆమెకు చెప్పేశాను.

 ఆమె కొత్తిమీర కట్ట విప్పి ఒక్కో కాడా ఏరుతూ కూర్చుంది. తర్వాత, "నువ్వు చెప్పిన గా సెల్లార్ల ఆమె నా అసొంటిదే. నేను గూడ గట్లనే బండ్ల నడుమ కెల్లి పోతా రోజు" అంది.  

రెండోసారి స్లాట్ దొరికేసరికి ఎండలు ముదిరాయి. ఈసారి ఆమె కూడా పనికి సెలవు పెట్టి వచ్చింది. గోలీ మళ్లీ వేసుకున్నాను, అది లేకుండా ఆటో ఎక్కడం కూడా కుదరదు. యూనిఫాం మాత్రం వేసుకోలేదు. ఆటోలో ఆమె, "లోపట నేనేం మాట్లాడ. అన్నీ నువ్వే చెప్పాలె. ఉన్నది ఉన్నట్టు చెప్పు" అంది. లైసెన్స్ జేబులోనే ఉంది. దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

ఈసారి వేరే డాక్టరు, కొంచెం పెద్దాయన. ఎక్స్‌రేలు వెలుతురుకు పట్టి చూసి, "ఏం పని చేస్తావయ్యా?" అని అడిగారు.

"నడుపుతుంటి సార్. ఇప్పుడు నడపలేను" అన్నాను.  మా ఆవిడ ముందు కూడా ఆ మాట అట్లా ఎప్పుడూ అనలేదు. అన్నాక గదిలో ఏమీ కాలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది, ఆయన రాసుకుంటూనే ఉన్నారు.

ఆయన లేచి నన్ను గోడవైపు నిలబెట్టారు. మా ఆవిడను నా వెనక నిలబడమన్నారు.

"వెనక ఎవరున్నారో తిరిగి చూసి చెప్పు."

గోడమీద ఎముకల బొమ్మ ఫ్రేము ఉంది. దానికి అద్దం ఉంది. అందులో ఆకుపచ్చ చీర కనిపించడం మొదలైంది. నేను కళ్లు మూసుకున్నాను.

"కళ్లెందుకు మూసుకున్నావు?"

"తెరిస్తే ఎట్లనన్న చేసి చూస్తా సార్. పోయినసారి బీరువ అద్దంల చూసి చెప్పిన. నేను మెడ తోని చూసి శాన ఏండ్లయింది."

ఆయన నవ్వలేదు. ఫ్రేమును గోడమీంచి దించి పక్కన పెట్టించారు. నా రెండు భుజాల మీద చేతులు వేసి గట్టిగా పట్టుకుని, "ఇప్పుడు నిదానంగా తిరుగు. ఎంత వస్తే అంతే" అన్నారు.

నేను తిరగబోతుంటే వెనక ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. ఏం మాట్లాడనన్న మనిషి మాట్లాడలేదు, మాట నిలబెట్టుకుంది. నాకు ఒక్కసారిగా ఆమెను చూడాలనిపించింది. సర్టిఫికెట్ కోసం కాదు, శాతం కోసం కాదు, ఆమె మొహం చూడాలని. ఉన్న బలమంతా పెట్టి తిప్పాను. గడ్డం కొంచెం కదిలి, భుజం ఇంకా చాలా దూరంలో ఉండగానే ఆగిపోయింది. డాక్టరు గారి చేతి గడియారం కనిపించింది. దాని వెనక గోడ కనిపించింది. ఇంకోసారి తిప్పాను. అదే గడియారం.

"చాలు, చాలు" అని ఆయన చేతులు తీసేసి, పోయి రాసుకున్నారు. ఆ రాతతోనే సర్టిఫికెట్ వచ్చింది, దాంతోనే తర్వాత ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌లో ఆ సీటూ వచ్చింది. ఆ నిమిషంలో మాత్రం నాకు సీటు గుర్తులేదు. ఎప్పటిలాగే కాళ్లతో, చిన్న చిన్న అడుగులు వేస్తూ, ఒళ్లంతా ఆమె వైపు తిరిగాను. నేను తిరిగేసరికి ఆమె కొంగు దించేసి, ఎక్స్‌రేలను కవరులో పెట్టుకుంటోంది.

"ఏడ్చినవా?" అన్నాను.

"నేనెందుకేడుస్తా" అంది.

నేను చూడలేదు కాబట్టి, కాదనలేకపోయాను.